జేబులో పట్టే చవక కెమెరా: లాభమెంత, నష్టమెంత?

లెన్సు బాడీలోనే బిగించి ఉండి, స్విచ్ నొక్కగానే బయటికి పొడుచుకొచ్చి, ఆపేయగానే లోపలికి ముడుచుకుపోయే చిన్న డిజిటల్ కెమెరాను కాంపాక్ట్ కెమెరా అంటారు. షాపుల్లో దీన్ని ‘పాయింట్ అండ్ షూట్’ అంటారు. గురిచూసి మీట నొక్కడమే తప్ప వాడేవారికి వేరే పని ఉండదు. వెలుతురు ఎంత, ఫోకస్ ఎక్కడ, ఫ్లాష్ వెలగాలా వద్దా అన్నవన్నీ కెమెరానే చూసుకుంటుంది. బరువు నూరు నుంచి రెండు వందల గ్రాముల మధ్య ఉంటుంది. సోనీ ఆర్ఎక్స్100, రికో జీఆర్ వంటివి కూడా జేబులో పట్టేవే గానీ వాటి ధర, లోపలి సరంజామా వేరు. ఇక్కడి చర్చ సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ830, కెనాన్ ఇక్సస్, నికాన్ కూల్‌పిక్స్ ఎస్ వరస, కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45 వంటి తక్కువ ధర కెమెరాల గురించి.

ఈ కెమెరాలు ఒకప్పుడు రాజ్యమేలాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి. అందులో సుమారు 10.9 కోట్లు కాంపాక్టులే. 2023 నాటికి కాంపాక్టుల సంఖ్య దాదాపు 17 లక్షలకు పడిపోయింది. కారణం అందరికీ తెలిసిందే, స్మార్ట్‌ఫోన్. మొదట దెబ్బతిన్నవి చవక మోడళ్లే. క్యాసియో 2018లో కాంపాక్టుల వ్యాపారం నుంచి తప్పుకుంది. మిగిలిన కంపెనీలు ఖరీదైన కెమెరాల వైపు జరిగాయి. అయితే కథ అక్కడితో ఆగలేదు. కొన్నేళ్లుగా కుర్రకారు పాత కాంపాక్టుల కోసం మళ్లీ వెతకడం మొదలుపెట్టారు. 2024లో అమ్మకాలు కొద్దిగా పెరిగాయి. 2016లో వచ్చిన ఒక ఇక్సస్ మోడల్‌ను కెనాన్ చిన్నచిన్న మార్పులతో 2025లో మళ్లీ విడుదల చేసింది. అమెరికాలో మొదట 210 డాలర్లు ఉన్న ధర ఈసారి సుమారు 380 డాలర్లయింది. తొమ్మిదేళ్ల నాటి కెమెరాకు ఇంత పలకడం విచిత్రమే.

లాభనష్టాలు తేలాలంటే కెమెరా పొట్ట విప్పి చూడాలి. లెన్సు నుంచి వచ్చే వెలుతురు పడే చిన్న చిప్పును సెన్సర్ అంటారు. చవక కాంపాక్టుల్లో ఎక్కువగా వాడేది 1/2.3 అంగుళాల రకం. పేరులో అంగుళం మాట ఉన్నా దాని అసలు కొలత సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు వాడే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఇదే సెన్సర్ 864 చదరపు మిల్లీమీటర్లుంటుంది. పెద్ద కెమెరాతో పోలిక అన్యాయమే అనుకుందాం. కానీ ఇప్పుడు మధ్యస్థ ధరలో దొరికే ఫోన్లలో చాలావాటి ప్రధాన సెన్సర్ కూడా ఈ 28 కంటే పెద్దదే. ‘కెమెరా కాబట్టి ఫోన్‌కన్నా బాగా వస్తుంది’ అన్న నమ్మకం ఈ లెక్క దగ్గరే వీగిపోతుంది.

సెన్సర్‌తోపాటు చూడాల్సింది లెన్సు నోరు. డబ్ల్యూ830 లెన్సు జూమ్ చేయనప్పుడు ఎఫ్/3.3, పూర్తిగా జూమ్ చేశాక ఎఫ్/6.3. ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, అదీ వర్గం లెక్కన. ఎఫ్/1.8 లెన్సున్న ఫోన్‌తో పోలిస్తే ఈ కెమెరా సెన్సర్ మీద పడే వెలుతురు జూమ్ లేకుండానే మూడో వంతుకు తక్కువ. పూర్తి జూమ్‌లో పన్నెండో వంతు. పట్టపగలు ఆరుబయట ఈ తేడా కనిపించదు. చీకటి పడ్డాక, ట్యూబ్‌లైట్ వెలుగున్న గదిలో, కల్యాణ మండపంలో వెనక వరసలో కూర్చున్నప్పుడు కనిపిస్తుంది. వెలుతురు చాలకపోతే కెమెరా ముందు రెండు దార్లే ఉంటాయి. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే కదిలిన మనుషులు చెదిరిపోతారు. సెన్సర్ నుంచి వచ్చే సంకేతాన్ని పెంచితే, అంటే ఐఎస్ఓ పెంచితే, బొమ్మంతా ఇసక చల్లినట్టవుతుంది. ఆ ఇసకను తుడిచే ప్రయత్నంలో కెమెరా చీర అంచులు, జుట్టు పాయల వంటి సన్నటి వివరాలను కూడా తుడిచేస్తుంది. ఈ తరగతి కెమెరాల్లో ఐఎస్ఓ 100 దగ్గర ముచ్చటగా ఉండే బొమ్మ 800 దాటేసరికి ముద్దగా మారుతుంది.

కంపెనీలు డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది మాత్రం ఇవేవీ కాదు, మెగాపిక్సెళ్లు. 28 చదరపు మిల్లీమీటర్లలో 20 మెగాపిక్సెళ్లు, అంటే రెండు కోట్ల చుక్కలు ఇరికిస్తే ఒక్కో చుక్క వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కొద్దిగానే ఎక్కువ ఉంటుంది. అంత చిన్న గూట్లో పడే వెలుతురెంత? పైగా ఆ రెండు కోట్ల చుక్కల అవసరం ఎవరికుందో కూడా చూడాలి. ఆల్బమ్‌లో పెట్టే నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసుకున్నా 22 లక్షల పిక్సెళ్లు సరిపోతాయి. ఏ4 కాగితమంత ప్రింటుకు 87 లక్షలు చాలు. 4కే టీవీ తెర నిండా చూపించినా 83 లక్షలు మించవు. 2006 నాటి 8 మెగాపిక్సెళ్ల కెమెరా కూడా ఇంటి అవసరాలకు దాదాపు సరిపోతుందని దీన్నిబట్టే తేలుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు మెగాపిక్సెళ్ల తేడాకు అదనపు డబ్బు ఇవ్వాల్సిన పనిలేదు.

ఇన్ని లోపాలున్న వస్తువును ఎవరైనా ఎందుకు కొనాలి? జూమ్ కోసం. తక్కువ ధర ఫోన్‌కు, చవక కెమెరాకు మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. డబ్ల్యూ830లో 25 నుంచి 200 మిల్లీమీటర్ల వరకు ఎనిమిది రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది. అంటే లెన్సులోని గాజు ముక్కలు ముందుకూ వెనక్కూ జరిగి దూరపు వస్తువును నిజంగానే పెద్దదిగా తెచ్చి సెన్సర్ నిండా పరుస్తాయి. టెలిఫొటో లెన్సు లేని ఫోన్‌లో రెండు వేళ్లతో తెర సాగదీస్తే జరిగేది వేరు. అక్కడ గాజు కదలదు, బొమ్మ మధ్య ముక్కను కత్తిరించి పెద్దది చేస్తారు. ఎనిమిది రెట్లు పెంచితే మిగిలేది అసలు బొమ్మలో 64వ వంతు. 50 మెగాపిక్సెళ్ల ఫోన్‌లో కూడా అప్పుడు చేతికొచ్చేది ఎనిమిది లక్షల పిక్సెళ్ల లోపే. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహించి పూరించేదే. ముఖం మైనపు బొమ్మలా నున్నగా, కళ్లు గీతల్లా కనిపించడానికి కారణం అదే. ఖరీదైన ఫోన్లలో మూడు నుంచి ఐదు రెట్ల ఆప్టికల్ జూమ్ లెన్సులొచ్చాయి. అవి ఉన్నవారికి చవక కాంపాక్ట్‌తో ఈ ప్రయోజనం కూడా పెద్దగా మిగలదు.

జూమ్‌కు ఒక మెలిక ఉంది. జూమ్ పెంచేకొద్దీ లెన్సు నోరు కుంచించుకుపోతుంది, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది. అందుకని ఈ సుగుణం పనికొచ్చేది ఎక్కువగా పగటిపూటే. కొల్లేటి అంచున ఆటపాక పక్షుల కేంద్రంలో చెట్ల మీద వాలిన గూడబాతులు, మైదానంలో పిల్లల క్రికెట్, గుడి గోపురం మీది శిల్పాలు, రథోత్సవంలో జనం మధ్యనున్న ఉత్సవ విగ్రహం వంటివి బాగా వస్తాయి. స్కూలు వార్షికోత్సవంలో రాత్రిపూట వేదిక మీద గెంతే పిల్లలు మాత్రం ఎంత జూమ్ చేసినా చెదిరిపోయే కనిపిస్తారు. అక్కడ వేదిక దగ్గరికి వెళ్లి జూమ్ లేకుండా తీయడమే మేలు. కెమెరాలో ‘డిజిటల్ జూమ్’ అనే సదుపాయం కూడా ఉంటుంది. అది ఫోన్‌లో చేసే కత్తిరింపే కాబట్టి మెనూలోకి వెళ్లి ఆపేసుకుంటే మంచిది.

రెండో సుగుణం ఫ్లాష్. ఫోన్ వెనక వెలిగేది ఎల్ఈడీ, ఒక రకం టార్చిలైటే. కాంపాక్ట్‌లో ఉండేది క్సెనాన్ వాయువు నింపిన గాజు గొట్టం. కెపాసిటర్‌లో పోగైన విద్యుత్తు ఒక్క ఉదుటున అందులోంచి దూకి, సెకనులో వెయ్యో వంతు వంటి స్వల్పకాలంలో, ఎల్ఈడీకన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన వెలుగునిస్తుంది. ఆ కాస్త సమయంలో ఎగిరే జుట్టయినా, నవ్వుతూ వెనక్కి వాలిన మనిషైనా గట్టిగా నిలబడిపోతారు. పుట్టినరోజు కేకు దగ్గర, సంగీత్‌లో, హాస్టల్ గదిలో తీసే ఫొటోలకు ఇది ఫోన్‌కన్నా బాగా పనిచేస్తుంది. దాని పరిధి మూడు నాలుగు మీటర్లే. స్టేడియంలో కూర్చుని మైదానం మీదికి ఫ్లాష్ కొట్టేవారు వెలిగించేది ముందు వరసలోని వారి వీపులనే. లెన్సుకు ఫ్లాష్ మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి కళ్లు ఎర్రగా పడటం, ముఖం వెలవెలబోయి వెనకంతా నల్లగా మిగలడం మామూలే. నేటి కుర్రకారు ముచ్చటపడేది సరిగ్గా ఈ లోపాన్నే.

పాత ఫొటోల రంగులకు పాత సీసీడీ సెన్సరే కారణమనే మాట బాగా ప్రచారంలో ఉంది. సీసీడీని 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. అందుకు వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఆ తర్వాత కరెంటు తక్కువ తాగే, వేగంగా పనిచేసే సీమాస్ సెన్సర్లు దాని స్థానాన్ని ఆక్రమించాయి. నిజానికి రంగును తేల్చేవి సెన్సర్ మీది రంగు వడపోతలు, ఆ తర్వాత కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్. పాత బొమ్మల్లో కనిపించే గాఢమైన వర్ణాలకు, తేలిపోయిన తెలుపులకు, నేరుగా తగిలే ఫ్లాష్‌కు ‘సీసీడీ మాయ’ అని పేరు పెట్టి ధర పెంచుతున్నారంతే. ఆ రూపం నచ్చి కొనుక్కోవడంలో తప్పులేదు. చిప్పు పేరు చూసి రెట్టింపు ధర పెట్టడం మాత్రం దండగ.

ఫోన్‌కు ఉన్న అసలు బలం లెన్సులో లేదు, లెక్కల్లో ఉంది. మీట ఒకసారి నొక్కితే ఫోన్ ఎన్నో ఫ్రేములు తీసి, కదలికలు సరిచూసి, కలిపి, ఇసక చల్లినట్టుండే చుక్కలు తగ్గించి ఒక్క బొమ్మగా ఇస్తుంది. కిటికీ బయటి ఆకాశమూ గదిలోని మనిషీ రెండూ కనబడటం, రాత్రి వీధి స్పష్టంగా రావడం దీని చలవే. చవక కాంపాక్టుల్లో చాలావాటిలో అంత ప్రాసెసర్ ఉండదు. ఆకాశం కావాలంటే మనిషి నల్లబడతాడు, మనిషి కావాలంటే ఆకాశం తెల్లబడుతుంది. వీడియోలో ఇంకా వెనకబాటు. డబ్ల్యూ830 తీసేది 720పీ మాత్రమే. తీసిన బొమ్మను అప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపలేకపోవడం చాలామందికి పెద్ద అడ్డంకి. వైఫై ఉన్న మోడళ్లలో కూడా పాత యాప్‌లు కొత్త ఫోన్లలో పనిచేయకపోవచ్చు. నమ్మకమైన దారి ఫోన్‌కు తగిలించే చిన్న కార్డ్ రీడర్. తెర సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ కెమెరాల్లో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ సాధారణంగా ఉండదు, తెర వెలుగూ అంతంతమాత్రమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏం తీస్తున్నామో కనబడక అంచనా మీద మీట నొక్కాల్సివస్తుంది.

ఫోన్‌కు దూరంగా ఉండటమే కాంపాక్ట్‌కు ఒక గుణం కూడా. మధ్యలో కాల్ రాదు, మెసేజ్ మోగదు, ఫొటోలు తీసీతీసీ ఫోన్ చార్జింగ్ అయిపోయి తిరుగు రైలు టికెట్ చూపించలేని పరిస్థితి ఉండదు. పదేళ్ల పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పాలంటే ఇంటర్నెట్ లేని కెమెరా చేతికివ్వడం ఫోన్ ఇవ్వడంకన్నా ఎంతో నయం. మీటను సగం నొక్కి ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కడం వంటి పద్ధతులు వేళ్లకు అలవాటవుతాయి. టచ్ తెరలతో ఇబ్బందిపడే పెద్దవాళ్లకు నిజమైన మీటలే సులువు. ఫోన్ తీసే ఫొటోల్లో లొకేషన్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా చేరతాయి. జీపీఎస్ లేని కెమెరాకు ఆ బెడద లేదు. ఫోన్ పోతే బ్యాంకు లావాదేవీల దగ్గర్నుంచి అన్నీ చిక్కులే, కెమెరా పోతే పోయేది కెమెరాయే. సముద్రపు ఒడ్డున, జాతరలో, ట్రెక్కింగ్‌లో ఈ నిశ్చింతకు విలువుంది. కొన్ని జూలు, మ్యూజియంలలో కెమెరాకు వేరే టికెట్ తీసుకోవాలని మాత్రం మరవకూడదు.

మన్నిక దగ్గర మళ్లీ చవక కెమెరా ఓడిపోతుంది. మూడు నాలుగు గొట్టాలు ఒకదాంట్లోంచి ఒకటి జారే లెన్సు యంత్రాంగం చాలా సున్నితమైనది. ఆర్కే బీచ్‌లో ఇసక రేణువు ఒకటి ఆ సందులో దూరినా, జేబులో ఉండగా స్విచ్ నొక్కుకుపోయి లెన్సు బట్టకు తగులుకున్నా, మోటారు ఆగిపోయి తెర మీద ‘లెన్స్ ఎర్రర్’ అని వస్తుంది. బాగుచేయించే ఖర్చు తరచు కెమెరా ధరను మించుతుంది. జూమ్ కదిలినప్పుడల్లా గాలితోపాటు లోపలికి వెళ్లే దుమ్ము సెన్సర్ మీద వాలితే ప్రతి ఫొటోలో ఆకాశంలో అదేచోట మసక చుక్క కనబడుతుంది. లెన్సు ఊడదు కాబట్టి ఇంట్లో తుడవడం కుదరదు. కోస్తా జిల్లాల తేమకు లెన్సు గాజు మీద సాలెగూడులాంటి బూజు పడుతుంది. తోలు పర్సులో పెట్టి బీరువాలో నెలల తరబడి ఉంచితే ఇంకా త్వరగా పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలిచొరని డబ్బాలో ఉంచి, అప్పుడప్పుడు బయటికి తీసి వాడటమే దీనికి విరుగుడు.

బ్యాటరీ, కార్డు అనే రెండు చిన్న వస్తువులు పాత కెమెరాల తలరాతను నిర్ణయిస్తాయి. ఇక్సస్ వరసలో చాలావాటికి ఎన్‌బీ-11ఎల్, డబ్ల్యూ830కి ఎన్‌పీ-బీఎన్ బ్యాటరీ కావాలి. ఒకసారి చార్జ్ చేస్తే దాదాపు రెండు వందల ఫొటోలు వస్తాయి, అందుకని విహారయాత్రకు రెండో బ్యాటరీ తప్పనిసరి. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. పెన్సిల్ సెల్లతో నడిచే ఎఫ్‌జెడ్45 వంటి కెమెరాలకు ఈ బాధ లేదు. రీచార్జ్ సెల్లు వేసుకుంటే ఖర్చూ తక్కువే. కార్డుల విషయంలో పాత ఎస్‌డీ స్లాట్ 2 జీబీ వరకే చదువుతుంది. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ రకం 32 జీబీ దాకా వెళ్తుంది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే 64 జీబీ, 128 జీబీ కార్డులను పాత కెమెరా గుర్తించదు. ఒలింపస్, ఫుజీఫిల్మ్ పాత మోడళ్లలో వాడిన ఎక్స్‌డీ కార్డులు ఇప్పుడు తయారు కావడం లేదు. అలాంటి కెమెరా ఎంత చవకగా వచ్చినా కార్డు చేతిలో పడ్డాకే డబ్బివ్వాలి.

కొత్తది కొనడమా, పాతదా అంటే ఈ తరగతిలో పాతదే మేలు. పేరున్న కంపెనీల కొత్త మోడళ్లు కొద్దిగానే ఉన్నాయి, ఉన్నవాటి ధర సరుకును మించింది. ఆ ఖాళీలోకి ఊరూపేరూ లేని కెమెరాలు దిగాయి. డబ్బా మీద 48 మెగాపిక్సెళ్లు, 4కే వీడియో, 16 రెట్ల జూమ్ అని ఉంటుంది. వీటిలో చాలావాటి సెన్సర్ చవక ఫోన్‌దానికన్నా చిన్నది. చుక్కల మధ్య చుక్కలు కల్పించి సంఖ్య పెంచుతారు. జూమ్ మొత్తం డిజిటలే. వివరాల్లో ‘ఆప్టికల్ జూమ్’ అన్న మాట లేకపోతే, లెన్సు మీద మిల్లీమీటర్లలో రెండు అంకెలు కనబడకపోతే వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. అవి ఆటబొమ్మలు.

పాత కెమెరా కొనేటప్పుడు పది నిమిషాలు పరీక్షించాలి. జూమ్‌ను చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తూ గరగర శబ్దం వస్తుందేమో వినాలి. తెల్లగోడను ఫొటో తీసి మసక చుక్కలున్నాయేమో చూడాలి. లెన్సులోకి టార్చి వేస్తే బూజు తెలిసిపోతుంది. ఫ్లాష్ రెండుసార్లు కొట్టించాలి. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాక తేదీ మొదటికొస్తే లోపలి చిన్న సెల్ పోయిందని అర్థం. ఇది ఫొటోలకు అడ్డు కాదు గానీ బ్యాటరీ మార్చినప్పుడల్లా తేదీ పెట్టుకోవాలి. చార్జర్, కేబుల్ వెంట ఇస్తున్నారో లేదో అడగాలి. పాత మోడళ్లలో కంపెనీకో రకం కేబుల్ ఉండేది, విడిగా దొరకడం కష్టం.

మంచి టెలిఫొటో లెన్సున్న ఫోన్ చేతిలో ఉన్నవారు, ఎక్కువగా రాత్రిపూట ఫొటోలు తీసేవారు, తీసిన వెంటనే పంపాలనుకునేవారు ఈ కెమెరా మీద డబ్బు పెట్టనక్కరలేదు. చవక ఫోన్ వాడుతూ పగటిపూట దూరపు దృశ్యాలు తీయాలనుకునేవారికి, ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలకు, ఫ్లాష్ ఫొటోల సరదా ఉన్నవారికి తక్కువ ధరలో దొరికే పాత కాంపాక్ట్ పనికొస్తుంది. బజారుకెళ్లే ముందు ఇంట్లో అటక మీద, బీరువా సొరుగుల్లో ఒకసారి వెతకండి. 2005కూ 2012కూ మధ్య కొన్న కెమెరా దొరికితే బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే చార్జ్ చేయకుండా ఈ-వేస్ట్ కేంద్రానికి ఇచ్చేసి, అదే నంబరు కొత్త బ్యాటరీ వేయించండి. కొత్త కెమెరా ధరతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు.